పడమటి ముఖం

మా కొట్టు పడమటి ముఖం. విజయవాడ గవర్నరుపేటలో నలభై అడుగుల రోడ్డు మీద, ముప్ఫై అడుగుల వెడల్పూ అరవై అడుగుల లోతూ ఉన్న రెండు వందల గజాల స్థలం. ఈ ఊళ్లో వేసవి మధ్యాహ్నం రెండింటి నుంచి పొద్దుగూకే దాకా పడమటి గోడ మీద పడే ఎండ ఎలాంటిదో ఇక్కడ పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. నేను ఇక్కడే పుట్టాను. నాన్న బట్టల కొట్టులో గల్లాపెట్టె పక్కన కూర్చుని పెరిగాను. అయినా అదే స్థలంలో మూడంతస్తుల భవనం కట్టించినప్పుడు పడమర వైపంతా, మెట్ల మీద నుంచి పిట్టగోడ దాకా, నీలం అద్దం బిగించాను.

తెలియక చేశానని చెప్పుకునే వీల్లేదు. తెలిసినదాన్ని పక్కన పెట్టి చేశాను. అదెలా జరిగిందో, దానివల్ల ఎవరికి ఏం జరిగిందో నాకు నేను ఒకసారి వరసగా చెప్పుకోవాలి. మా వీధిలో ఇంకా కొన్ని పాత కొట్లు మిగిలి ఉన్నాయి. నేను అప్పుడు నిలబడ్డ చోటే వాటి యజమానులు ఇప్పుడు నిలబడి ఉన్నారు.

పాత కొట్టు మా తాతగారు కట్టించింది. మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిస కొట్టిన కప్పు. అడుగున్నర మందం గోడలు. రోడ్డు వైపు పెంకుల పంచ, దాని కింద మోకాలెత్తు అరుగు. తలుపులు పలకలవి. పొద్దున ఒక్కొక్కటీ తీసి పక్కన పేర్చేవాళ్లం, రాత్రి అంకెల వరసన మళ్లీ గాడిలో దించేవాళ్లం. ఏప్రిల్ వస్తూనే నాన్న పంచకు వట్టివేళ్ల తడికలు కట్టించేవారు. కుర్రాడు వాటి మీద నీళ్లు చల్లుతూ ఉండేవాడు. నీళ్లు ఆవిరయ్యేటప్పుడు గాలిలో ఉన్న వేడిని లాక్కుంటాయి. ఆ గాలే లోపలికి వచ్చేది. పైన ఒక్క ఫ్యాను తిరిగేది. మే నెలలో పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు పొద్దస్తమానం కూర్చునేవాళ్లు.

అరుగు మాదే కానీ దాన్ని వాడుకునేది వీధి. ఎండాకాలం దాని మీదే చలివేంద్రం. ఒక చివర మల్లెపూలు కట్టుకునే ఆవిడ. ఆడవాళ్లు లోపల చీరలు చూస్తుంటే మగవాళ్లు బయట కూర్చుని పేపరు చదివేవాళ్లు. వానొస్తే బడిపిల్లలు పుస్తకాల సంచులతో వచ్చి పంచ కిందకు చేరేవాళ్లు. అరుగు మీద కూర్చున్నవాళ్లను నాన్న ఎప్పుడూ లేపలేదు. అది ఆయన మంచితనం అని మాత్రమే అనుకునేవాణ్ణి. వ్యాపారం కూడా అందులో ఉందని చాలా ఆలస్యంగా అర్థమైంది. నీడకు ఆగినవాళ్ల చూపు లోపలికి పడుతుంది. రంగు నచ్చితే అడుగు లోపలికి పడుతుంది. ముందు ఆగనివాడు కొట్టును చూడనే చూడడు.

నాన్న పోయాక కొట్టు నా చేతికి వచ్చింది. అప్పటికి చుట్టుపక్కల షోరూములు లేస్తున్నాయి. పాత కొట్టులో కూర్చుంటే నేను వెనకబడిపోయినట్టు అనిపించేది. కట్టడం చూసిన ఇంజినీరు ఒకాయన గోడలు గట్టిగా ఉన్నాయనీ, రెండు మూడు దూలాలు మార్చి, లోపల ఇనుప స్తంభాలు నిలబెట్టి పైన తేలికపాటి అంతస్తు వేసుకోవచ్చనీ చెప్పాడు. ఆ మాట నాకు రుచించలేదు. కొత్తదంటే కొత్తగా కనపడాలి. పాతదాన్ని పడగొట్టించాను. టేకు దూలాలు అమ్మేశాను. ఒక టన్ను సిమెంటు తయారవడానికి అర టన్నుకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుందని ఇప్పుడు తెలుసు. అప్పటికే నిలబడి ఉన్న గోడల్ని చెత్తగా లారీలకెత్తించి, వాటి చోట మళ్లీ సిమెంటు పోయించాను. పర్యావరణం లెక్కలో నా మొదటి నష్టం పునాది తీయకముందే జరిగిపోయింది.

తర్వాత ఎలివేషన్ బొమ్మ వచ్చింది. కంప్యూటరులో గీసి, రంగుల కాగితం మీద తీసి ఇచ్చారు. నీలం అద్దం, పక్కన వెండిరంగు అల్యూమినియం పలకలు, వెనక నిర్మలమైన ఆకాశం. ఎంతో నచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఆ కాగితం తీసి చూస్తే అందులో ఏం లేదో కనపడింది. కరెంటు తీగలు లేవు. పక్క కొట్లు లేవు. మా ముందున్న నిద్రగన్నేరు చెట్టు లేదు. నడిచేవాళ్లు లేరు. ఎండ ఏ వైపు నుంచి వస్తోందో లేదు. ఏ ఊళ్లోనైనా, ఏ దిక్కుకైనా నిలబెట్టగల బొమ్మ అది. దాన్ని నేను విజయవాడలో పడమటి ముఖాన నిలబెట్టాను.

వాస్తు మాత్రం శ్రద్ధగా చూపించుకున్నాను. గల్లా ఎటు ఉండాలో, మెట్లు ఏ మూల నుంచి ఎక్కాలో, నీళ్ల సంపు ఎక్కడ తవ్వాలో అన్నీ అడిగాను. చెప్పినట్టే మెట్ల చోటు మార్చాను కూడా. ఏ దిక్కు ఏ దేవుడిదో అడిగిన నేను, నాలుగు గంటలకు ఆ దిక్కు నుంచి ఎంత వేడి వస్తుందో ఒక్కసారీ అడగలేదు.

నిద్రగన్నేరు బోర్డుకు అడ్డం వస్తోంది. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. తీసుకున్నాను. కాగితం చేతిలో ఉంది కాబట్టి తప్పు లేదని నా మనసుకు చెప్పుకున్నాను. కింద కార్లకు సెల్లారు కావాలని కొట్టు నేలను రోడ్డు మీద నుంచి నాలుగు అడుగులు లేపాను. స్థలం పోకుండా మెట్లను ముందుకు జరిపాను. ఆ మెట్లు ఫుట్‌పాత్ మీద మూడు అడుగులు ఆక్రమించాయి. నడిచేదారికి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో ఉంది. మా ముందు మిగిలింది అందులో సగమే. నడిచేవాళ్లు మా మెట్ల దగ్గరకు రాగానే రోడ్డు మీదకు దిగి, బస్సుల పక్కనుంచి పోయి, మెట్లు దాటాక మళ్లీ ఎక్కేవాళ్లు. ఎందుకు దిగుతున్నారో చూడటానికి నాకు తీరిక లేకపోయింది.

అరుగు పోయింది కదా, పూలావిడ మెట్ల పక్కనే బుట్ట పెట్టుకుంది. కొత్త కొట్టు ముందు బాగోలేదని ఆవిడను అక్కడి నుంచి పంపించమని నేనే చెప్పించాను. ఇందులో దాచుకోవడానికి ఏమీ లేదు. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడటానికి 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. చట్టం లేకపోయినా ఆవిడ మా నాన్న కాలం నుంచీ అక్కడుంది. ఆవిడ మారు మాట్లాడకుండా బుట్ట ఎత్తుకుని రోడ్డు దాటి ఎదుటి వైపు కూర్చుంది. అటు వైపు కొట్లు తూర్పు ముఖం. మధ్యాహ్నం దాటితే వాటి ముందు వాటి నీడే పడుతుంది.

ఆ వేసవిలో ఒక సాయంత్రం ఎదుటి వైపు పని ఉండి వెళ్లాను. ఆవిడ బుట్టమీద తడిగుడ్డ కప్పి, గొడుగును ఆకాశానికి కాకుండా మా భవనం వైపు వంచి పట్టుకుని కూర్చుంది. "మీ అద్దం కొడతంది బాబూ. పూలు నిలవట్లేదు" అంది. వెనక్కి తిరిగి చూశాను. పడమటి సూర్యుడు మా పై అంతస్తుల అద్దాల్లో మండుతున్నాడు. ఆ వెలుగు వాలుగా రోడ్డు దాటి వచ్చి, సహజంగా నీడ ఉండాల్సిన ఎదుటి ఫుట్‌పాత్ మీద పడుతోంది. మా వైపు నీడ తీసేసినవాణ్ణి, ఎదుటి వైపు నీడను కూడా చెరిపేశాను. పొమ్మన్న మనిషి వెంట నా ఎండ వెళ్లింది.

లోపల పరిస్థితి చెప్పాలి. నీలం అద్దం వెలుతురును ఆపుతుంది, కాబట్టి పట్టపగలే లైట్లు. అద్దం తెరుచుకోదు, కాబట్టి కరెంటు పోతే ఉక్క. జనరేటరు రోడ్డు వైపే పెట్టాను. దాని పొగ నడిచేవాళ్ల మొహాన. మధ్యాహ్నం మూడు దాటితే ముందు వరస కౌంటర్ల దగ్గర ఏసీ ఆనేది కాదు. అక్కడ నిలబడే అమ్మాయిలు తలనొప్పి అనేవాళ్లు. అద్దం పక్కన వేలాడదీసిన చీరలు కొన్ని వారాలకే వెలిసిపోయేవి. లోపల తెరలు కట్టించాం. అద్దం పెట్టిందే బయటికి కనపడాలని. తెరలు కట్టాక బయటివాళ్లకు కనపడింది తెరల వీపులే.

మూడో అంతస్తు కోచింగ్ సెంటరుకు అద్దెకిచ్చాను. 2019 మే 24న సూరత్‌లో ఒక వాణిజ్య భవనం పై అంతస్తులో నిప్పంటుకుని, కోచింగ్‌కు వచ్చిన పిల్లలు 22 మంది చనిపోయారు. దిగే దారి లేక పిల్లలు పైనుంచి దూకడం టీవీలో చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా భవనంలో తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు. పొగ పోయే దారి లేదు. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవరు తగలబడి 72 మంది పోయారు. మంటను పైకి పాకించింది గోడల మీద తొడిగిన పలకలు. రెండు అల్యూమినియం రేకుల మధ్య మండే ప్లాస్టిక్ ఉండే రకం. నా ముంగిట వెండిరంగులో మెరిసే పలకల మధ్య ఏముందో బిగించే రోజున నేను అడగలేదు. రంగు మాత్రమే అడిగాను.

కరెంటు బిల్లులు భరించలేక డాబా మీద సోలార్ పలకలు పెట్టించాను. పది కిలోవాట్లు. అవి దాదాపు వెయ్యి చదరపు అడుగులు ఆక్రమించాయి. ఇది పర్యావరణానికి మంచి చేసే భవనం అని ముందు బోర్డు కూడా రాయించాను. ఆ బోర్డును నేను నిజంగానే నమ్మాను.

ఆ నమ్మకాన్ని తీసేసింది మా మేనకోడలు. ఇక్కడే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చదువుతోంది. ఒకరోజు కొట్టుకు వచ్చి, "మావయ్యా, ఈ అద్దం లెక్క ఎప్పుడైనా వేశావా?" అని అడిగింది. వేయలేదన్నాను. బిల్లు పుస్తకం వెనక పేజీ తిప్పి పక్కనే కూర్చుని వేసింది.

అద్దం ముప్ఫై అడుగుల వెడల్పు, ముప్ఫై ఆరు అడుగుల ఎత్తు. అంటే దాదాపు వంద చదరపు మీటర్లు. వేసవి సాయంత్రం పడమటి నిలువు గోడ మీద ఒక్కో చదరపు మీటరుకు సుమారు 600 వాట్ల ఎండ పడుతుంది. ఈ రకం అద్దం అందులో ఇంచుమించు సగాన్ని లోపలికి వదులుతుంది. మొత్తం 30 కిలోవాట్ల వేడి. ఒక టన్ను ఏసీ బయటికి తోసేది మూడున్నర కిలోవాట్లు. అంటే కేవలం ఆ అద్దం లోపలికి తెచ్చిన వేడిని తోడిపోయడానికి ఎనిమిదిన్నర టన్నుల ఏసీ కావాలి. దానికి పది కిలోవాట్ల కరెంటు. ఎండ తీవ్రంగా ఉండే నాలుగు గంటలకు నలభై యూనిట్లు.

"నీ సోలారు రోజంతా ఎంత ఇస్తుంది మావయ్యా?"

"నలభై యూనిట్లు."

ఆ పిల్ల ఇంకేమీ అనలేదు. అనాల్సిన అవసరం లేదు. డాబా మీద పరిచిన పలకలు పొద్దుటి నుంచి పట్టిన ఎండంతా నా ముందు గోడ చేసిన పాపానికే సరిపోతోంది. ఆ గోడకు నీడ ఉంటే ఆ కరెంటు అవసరమే లేదు. ముందు నీడ, ఆ తర్వాతే యంత్రాలు. నేను తలకిందులుగా మొదలుపెట్టాను.

లెక్కలో ఇంకో వరస మిగిలింది. ఏసీ వేడిని మాయం చేయదు, చోటు మారుస్తుంది. లోపల తోడిన 30 కిలోవాట్లకు తను వాడుకున్న పది కలిపి 40 కిలోవాట్లుగా బయటికి ఊదుతుంది. నా ఔట్‌డోర్ యూనిట్లన్నీ ఫుట్‌పాత్ పైన, తలెత్తులో, వరసగా ఉన్నాయి. మా ముందు నుంచి పోయే ప్రతి మనిషి మొహం మీదా నా కొట్టు వేడి కొడుతోంది. వీధి కాలిన కొద్దీ నా అద్దం ఇంకా కాలుతోంది. అది కాలిన కొద్దీ నేను ఇంకా ఏసీ పెంచుతున్నాను. వీధి సంగతి వేరు, నా భవనం సంగతి వేరు అనుకుని ఇదంతా చేశాను. కరెంటు బిల్లు, పూలావిడ గొడుగు, ముందు ఆగకుండా పోయే జనం మూడు వేర్వేరు బాధలని అనుకున్నాను. మూడూ ఒకే తప్పు నుంచి వచ్చాయి. వీధికి నీడ ఇవ్వని గోడ లోపలికీ చల్లదనం ఇవ్వలేదు.

ఆ తర్వాత సూర్యుడి దారి నేర్చుకున్నాను. విజయవాడ అక్షాంశం పదహారున్నర డిగ్రీలు. దక్షిణపు గోడ మీద మార్చిలోనూ సెప్టెంబరులోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 73 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అక్కడ రెండడుగుల సజ్జ ఆరున్నర అడుగుల గోడకు నీడ ఇస్తుంది. పడమట ఆ లెక్క చెల్లదు. మే నెల సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 35 డిగ్రీల దాకా దిగి ఉంటాడు. అదే రెండడుగుల సజ్జ అడుగున్నరకు కూడా సరిగ్గా నీడ పట్టదు. పడమటికి కావలసింది లోతైన పంచ, నిలువు తడిక, ముందు ఒక చెట్టు. మా తాతగారి కొట్టుకు ఆ మూడూ ఉన్నాయి. ఆ మూడింటినీ తీయించింది నేను.

నేర్చుకోవడానికి దూరం పోవాల్సిన పని కూడా లేకపోయింది. కుర్రతనం నుంచీ సరుకు కోసం హైదరాబాదు మదీనా, పత్తర్‌గట్టీలకు వెళ్తున్నవాణ్ణి. 1908 మూసీ వరదల తర్వాత ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆ పత్తర్‌గట్టీ రాతి కమానులు కట్టించింది. కొట్లు లోపలికి, వాటి ముందు కమానుల కింద జనం నడిచే దారి. నడినెత్తిన ఎండున్నా అక్కడ బేరం సాగుతుంది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్టులోనూ అదే పద్ధతి. సింగపూరులో 1822లోనే ప్రతి ఇంటి ముందూ కప్పున్న నడవా వదలాలని పట్టణ ప్రణాళికలో రాశారు. ఆ ఐదడుగుల నడవాల కింద ఇప్పటికీ జనం ఎండకూ వానకూ ఇబ్బంది లేకుండా నడుస్తున్నారు. హైదరాబాదులోనే మాదాపూరు దగ్గర 2004లో ప్రారంభమైన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటరు, పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొదటి భవనం. దాన్ని చూడటానికి వెళితే నా కళ్లు ముందు ఆగింది జాలీ గోడల మీద. వెలుతురు వస్తుంది, గాలి వస్తుంది, ఎండ విరిగిపోతుంది. పాత కోటల్లో, మసీదుల్లో, గుళ్ల మండపాల్లో చిన్నప్పటి నుంచీ చూసినదే. సరుకు నాణ్యత వేలితో తాకి చెప్పగల నేను, ఆ కమానుల కింద అన్నేళ్లు నడిచి కూడా అవెందుకున్నాయో ఆలోచించలేదు.

ఉన్నదాన్ని మళ్లీ పడగొట్టి ఇంకో తప్పు చేయదలుచుకోలేదు. మేనకోడలూ, తన గురువొకాయనా కూర్చుని మార్పులు గీశారు. కింద కొట్టు అద్దాన్ని ఎనిమిది అడుగులు లోపలికి జరిపాం. రెండు వందల నలభై చదరపు అడుగుల నేల పోయింది. గవర్నరుపేటలో అది చిన్న నష్టం కాదు. ఇంట్లో ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది. ఆ ఎనిమిది అడుగులూ ఇప్పుడు పంచ. పై అంతస్తుల్లో అద్దం, అల్యూమినియం పలకలు అన్నీ విప్పించాం. బూడిద ఇటుకలతో గోడ కట్టి, అందులో మూడో వంతు మేర తెరుచుకునే కిటికీలు పెట్టాం. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదతో చేసిన ఇటుకలు మన చుట్టూనే దొరుకుతాయి. గోడకు రెండున్నర అడుగుల ముందు ఇనుప ఫ్రేముల్లో మట్టి జాలీ నిలబెట్టాం. ఎండ జాలీ మీద పడుతుంది. జాలీకీ గోడకూ మధ్య వేడెక్కిన గాలి పైకి పోతుంది. ఏసీ యూనిట్లు, జనరేటరు డాబా మీదకు ఎక్కాయి. సోలార్ పలకలు లేని చోట తెల్లటి చల్లని పూత వేశాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చి కొత్త వాణిజ్య భవనాలకు అది తప్పనిసరి చేసింది. మన దగ్గర ఎవరో చెప్పేదాకా ఆగనక్కర్లేదు, అది ఒక వారం పని.

ముందు పరిచిన టైల్సు పెకలించాం. ఈ ఊళ్లో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. నా రెండు వందల గజాల మీద పడేది లక్షా అరవై ఏడు వేల లీటర్లు. ఒక్క చుక్క ఇంకకుండా అదంతా రోడ్డు మీదకు పంపాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆ నీళ్లలో నావి ఎన్నో నేను లెక్కగట్టలేను. నేల నోరు మూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు డాబా నీళ్లు ఇంకుడు గుంతలోకి పోతున్నాయి.

మెట్లను ఫుట్‌పాత్ మీద నుంచి తీసి పంచలోకి తెచ్చాం. నడిచేదారి మళ్లీ కలిసింది. పంచ అంచున పద్దెనిమిది అంగుళాల ఎత్తున కడప బండలతో అరుగు కట్టించాను. బయట ఒక కానుగ మొక్క నాటాను.

ఫలితం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. పై అంతస్తులో మే నెలలో కూడా ఉదయం పూట ఏసీ వేయడం లేదు. ముందు కౌంటరు అమ్మాయిలు తలనొప్పి మాట ఎత్తడం లేదు. పగలు లైట్లు ఆపేశాం. చీరలు అద్దం వెనక నీడలో ఉన్నాయి కాబట్టి తెరలు తీసేశాం, కొట్టు మళ్లీ కనపడుతోంది. జనం పంచలో ఆగుతున్నారు. ఆగినవాళ్లలో కొందరు లోపలికి వస్తున్నారు. నాన్నకు తెలిసిన వ్యాపారం అదే.

బాగుచేయలేనివి కూడా ఉన్నాయి. నేల నాలుగు అడుగుల ఎత్తులోనే ఉండిపోయింది. చక్రాల కుర్చీ ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు కావాలి. నాలుగు అడుగులకు నలభై ఎనిమిది అడుగులు. నా ముంగిలి మొత్తం ముప్ఫై అడుగులే. పక్కగా చిన్న లిఫ్టు పెట్టించాను. కరెంటు ఉన్నంతసేపు పనిచేస్తుంది. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లెక్కలేక కొత్త కొట్టులో ఒక్కసారి కూడా అడుగు పెట్టకుండానే వెళ్లిపోయింది. కారులో కూర్చుని బయట నుంచి చూసేది. బాగుందిరా అనేది. గుమ్మం ఎత్తు నిర్ణయించే రోజున సెల్లారులో ఎన్ని కార్లు పడతాయని లెక్కపెట్టానే కానీ, అమ్మ ఎలా ఎక్కుతుందని లెక్కపెట్టలేదు. పునాదిలో చేసిన తప్పుకు పైన ఏం కట్టినా దిద్దుబాటు లేదు.

నిద్రగన్నేరు ఇచ్చిన నీడను ఈ కానుగ ఇవ్వాలంటే చాలా ఏళ్లు కావాలి. అది నేను చూస్తానో లేదో.

అరుగు పూర్తయ్యాక పూలావిడ దగ్గరకు వెళ్లాను. ఎదుటి వైపు నుంచి కూడా లేచిపోయి ఇప్పుడు బస్‌స్టాపు దగ్గర ఉంటోంది. అప్పుడు నేను చేసింది తప్పని చెప్పాను, అరుగు మీద చోటు ఉంది రమ్మన్నాను. ఆవిడ దండ కట్టడం ఆపకుండానే, "ఇక్కడ బేరం కుదురుకుంది బాబూ. ఇప్పుడు మళ్లీ మారలేను" అంది. కోపంగా అనలేదు. ఆవిడ పోగొట్టుకున్న కాలాన్ని నా అరుగు తిరిగి ఇవ్వలేదు. చోటు ఎప్పుడైనా కావాలంటే ఉంటుందని మాత్రం చెప్పి వచ్చాను.

నాలాంటివాళ్లను ఆపే నియమం ఏదైనా ఉందా అని కూడా వెతికాను. భవనాల్లో ఇంధన పొదుపు కోసం కేంద్రం 2007లో ఒక కోడ్ తెచ్చింది, 2017లో సవరించింది. గోడ మొత్తంలో అద్దం 40 శాతం దాటకూడదని, ఆ అద్దం లోపలికి వదిలే వేడికి ఒక హద్దు ఉండాలని అందులో ఉంది. కానీ అది వంద కిలోవాట్ల కనెక్షన్, లేదా 120 కేవీఏ డిమాండ్ ఉన్న భవనాల నుంచే మొదలవుతుంది. నాది అంతకంటే చాలా చిన్నది. మన ఊళ్లలో వీధికి అటూ ఇటూ ఉన్నవి ఎక్కువగా నాలాంటి చిన్న భవనాలే. వీధి చల్లగా ఉంటుందా, కాలుతుందా అన్నది మన చేతుల్లోనే ఉంది. ఆ చేతుల్ని పట్టి ఆపే చట్టం లేదు.

అందుకే ఈ మాటలు నాలోనే ఉంచుకోవడం లేదు. మా వరసలో రెండు కొట్ల అవతల పాత మిద్దె ఒకటి ఈ ఏడాది పడగొట్టబోతున్నారు. యజమాని నాకంటే చిన్నవాడు, అన్నయ్యా అని పిలుస్తాడు. మొన్న ఎలివేషన్ బొమ్మ తెచ్చి చూపించాడు. నీలం అద్దమే. నేను బిల్లు పుస్తకం వెనక పేజీ తీసి అతని ముందు పెట్టాను. ఎనిమిదిన్నర టన్నులు, నలభై ఎనిమిది అడుగులు, రెండు వందల నలభై చదరపు అడుగులు, ఒక్కో అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాను. మా మేనకోడలి ఫోను నంబరు ఇచ్చాను. ముందు ఆ పాత గోడల్ని ఒక మంచి ఇంజినీరుకు చూపించమన్నాను. కూలగొట్టక తప్పదంటే నాలుగు పనులు చెయ్యమన్నాను. గుమ్మం ఎత్తు వాళ్లమ్మ ఎక్కగలిగినంతే ఉంచమన్నాను. పడమటికి లోతైన పంచ వదలమన్నాను. చెట్టు జోలికి పోవద్దన్నాను. సంతకం పెట్టే ముందు ఒక ఎండాకాలపు సాయంత్రం నాలుగింటికి ఎదుటి ఫుట్‌పాత్ మీద అరగంట నిలబడమన్నాను. అతను పంచ కొలతలు రాసుకుని వెళ్లాడు. కడతాడో లేదో తెలియదు. ఈసారి మాత్రం ఆ వీధిలో ఒకడికి ముందే తెలుసు.